నా బొటనవేలు, మా అబ్బాయి పెన్షన్

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం రోజున శ్రీకాకుళంలో జరిగిన సభలో ఒక రిటైర్డ్ లీడింగ్ ఫైర్‌మ్యాన్ ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి. ఎవరూ కోపం పెట్టుకోకండి.

1982లో ఇదే తేదీన, నకారా అనే రిటైర్డ్ ఉద్యోగి వేసిన కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అంటే సర్కారు దయతలచి పడేసేది కాదని తేల్చింది. ఏటా ఈ మాట చెప్పుకుంటాం, భోంచేస్తాం, వెళ్లిపోతాం. ఇవాళ నేను మన గురించి కాదు, ఇక్కడికి రాలేనివాళ్ల గురించి మాట్లాడతాను.

మా అబ్బాయి కానిస్టేబుల్. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరాడు కాబట్టి సీపీఎస్, అంటే ఉద్యోగి తన జీతంలోంచి వాటా కట్టే పెన్షన్ పథకం. నెలనెలా బేసిక్, డీఏ కలిపి అందులో 10 శాతం కోత. ప్రభుత్వమూ తన వాటా వేస్తుంది. ఆ డబ్బు మార్కెట్లో తిరుగుతుంది. రిటైరయ్యాక 60 శాతం దాకా చేతికిస్తారు, మిగతాదానితో యాన్యుటీ, అంటే నెలనెలా పెన్షన్ ఇచ్చే బీమా పాలసీ కొనాలి. నెలకెంత వస్తుందిరా అంటే, "అప్పటి రేటుని బట్టి నాన్నా" అంటాడు. నాకు ఆఖరి జీతంలో సగం వస్తోంది, డీఏ పెరిగితే అదీ పెరుగుతోంది. ఒకే ఇంట్లో తండ్రి ముసలితనానికి ఒక లెక్క, కొడుకు ముసలితనానికి ఇంకో లెక్క.

మరి వాడే వచ్చి అడగొచ్చు కదా అంటారు. రాలేడు. పోలీసులు అనుమతి లేకుండా సంఘం పెట్టకూడదని, ఇలాంటి సభలకు పోకూడదని 1966లోనే చట్టం చేశారు. మాస్టార్లు సీపీఎస్ రద్దు చేయాలని ధర్నాకు కూర్చుంటారు. ఆ టెంటు బయట ఎండలో లాఠీ పట్టుకుని నిలబడ్డవాడిదీ సీపీఎస్సే!

2023లో మన రాష్ట్రం గ్యారంటీ పెన్షన్ చట్టం చేసింది. కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి తన ఉద్యోగులకి యూపీఎస్ అనే ఇంకో పెన్షన్ పథకం తెచ్చింది, పాతికేళ్లు చేస్తే జీతంలో సగం అంది. అందరూ సగం సగం అంటున్నారు కదా, ఇంకా గొడవేమిటి బావా అని మా బామ్మర్ది అడిగాడు. గొడవ ఒంటి దగ్గరుందిరా. ఇప్పుడు మన రాష్ట్రంలో రిటైర్మెంటు 62. ఆ వయసులో ఫైలు మోయొచ్చు. నీళ్లు పారుతున్న హోసు భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కమంటే?

ఈ బొటనవేలు చూడండి. వెనకవాళ్లకి కనబడదు, పరవాలేదు. సోంపేట దగ్గర ఒక ఊళ్లో ఏప్రిల్ మధ్యాహ్నం పూరిళ్లు అంటుకున్నాయి. సముద్రం గాలి. బండి వెళ్లేసరికి వరసంతా మంట. ఒక ఇంట్లో ఎవరో ఏడుస్తున్నారని ఆడవాళ్లు గోల. తలుపు గొళ్లెం గ్లౌజుతో పట్టు దొరకలేదు, గ్లౌజు తీసి లాగాను. తలుపు వచ్చింది, నా చర్మం గొళ్లేనికి ఉండిపోయింది. లోపల ఎవరనుకున్నారు? మేకపిల్ల! నవ్వండి, నవ్వండి. ఆ రోజు మేమూ నవ్వాం. ఆ ఇంటావిడ చేతికి పసుపు, కొబ్బరినూనె రాసింది.

రిటైరయ్యాక, పెన్షన్ ఆగకుండా ఉండాలంటే బతికే ఉన్నామని ఏటా చూపించాలి కదా, దానికి ఒక ఆఫీసుకెళ్లాను. మెషీన్ మీద వేలు పెడితే ఎర్ర లైటు. మిగతా వేళ్లూ అంతే, హోసు పట్టీ పట్టీ అరిగిపోయాయి. "తాతా, నూనె రాసుకుని రేపు రా" అన్నాడు కుర్రాడు. మర్నాడూ ఎర్ర లైటే. ఎదురుగా నిలబడ్డాను కదా బాబూ అంటే, "సిస్టమ్ ఒప్పుకోవట్లేదు తాతా." చివరికి కంటిపాపతో తీశారు. ఈలోగా రెండు నెలలు పెన్షన్ ఆగింది. ఆ రెండు నెలలూ పాలవాడిని చూస్తే సందు మారిపోయేవాణ్ని. నా టెన్షన్ రెండు నెలలే. మా అబ్బాయిది రిటైరైన రోజు నుంచీ మొదలవుతుంది.

ఏమిటి తమ్ముడూ? గట్టిగా చెప్పు. పలాసలో జీడిపిక్కలు కొట్టే మీ అమ్మకి ఎవరిస్తారనా? న్యాయమైన మాట. ఆవిడకి వచ్చే సర్కారు పింఛను నెలకి 4,000 రూపాయలు. జీడిరసం చేతులు తినేస్తుంది, ఆవిడ వేళ్లకీ ముద్రలుండవు. దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. మాది తగ్గిస్తే ఆవిడది పెంచుతామని ఎవరైనా రాసిస్తే కూర్చుని మాట్లాడదాం. అలా రాసిచ్చినవాడు ఇంతవరకూ కనబడలేదు.

చీటీ వచ్చింది, ముగించమంటున్నారు. సర్కారుకిచ్చే ఈ అర్జీ కాగితంలో రెండే అడిగాం. పోలీసుకి, ఫైర్ వాళ్లకి మార్కెట్‌తో పని లేకుండా ఆఖరి జీతంలో సగం ఖాయం చేయాలి. 55 దాటాక ఒళ్లు సహకరించనివాళ్లకి ఆఫీసు పనైనా ఇవ్వాలి, పూర్తి పెన్షన్‌తో ఇంటికైనా పంపాలి. వాళ్లు సంతకం పెట్టలేరు కాబట్టి మనం పెడదాం. ముందు వరస నుంచి వెనక్కి పంపండి. పెన్ను నాది, భోజనాల హడావిడిలో మర్చిపోకుండా తిరిగివ్వండి.