ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారాలా? ముందు మీ రెండో సిమ్ సంగతి తేల్చుకోండి

అందరికీ నమస్కారం. ఒడిశాలోని రాయగడ నుంచి మాట్లాడుతున్నాను. ఈ మధ్య పర్లాకిమిడి, గుణుపురం, జయపురం వైపు మనవాళ్ళు ఎవరు ఫోన్ చేసినా ఒకటే అడుగుతున్నారు: "అన్నా, ఐఫోన్ తీసుకుందామనుకుంటున్నాను, ఆండ్రాయిడ్ వదిలెయ్యొచ్చా?" కెమెరా గురించి, గేముల గురించి వీడియోలు బోలెడున్నాయి. హైదరాబాద్‌లో కూర్చుని బాగానే చేస్తున్నారు. నేను వాటి జోలికి పోను. ఆంధ్రా-ఒడిశా బోర్డర్‌లో ఉన్నవాళ్ళకి అడ్డం తిరిగేది కెమెరా కాదు, సిమ్.

మనలో ఒక్క సిమ్‌తో సరిపెట్టుకునేవాళ్ళు ఎంతమంది ఉన్నారు చెప్పండి? ఒడిశా నంబరు ఒకటి. ఆధార్, రేషన్, పిల్లల స్కూలు అన్నీ దాని మీదే. పాతపట్నంలోనో పార్వతీపురంలోనో తీసుకున్న ఆంధ్రా నంబరు ఇంకోటి. అత్తగారి వైపు వాళ్ళు చేసేది దానికే, పాత బ్యాంకు ఖాతా కూడా దానికే. 2015 జూలై నుంచి రాష్ట్రం మారినా నంబరు అలాగే ఉంచుకునే పోర్టబిలిటీ వచ్చింది, రోమింగ్ ఖర్చుల గోల కూడా పోయింది. అయినా రెండో సిమ్ పోలేదు. ఒక కంపెనీ సిగ్నల్ బజార్లో ఉంటే, ఇంకో కంపెనీది ఘాట్ ఎక్కాక కూడా ఉంటుంది మరి.

ఇప్పుడు ఇది చూడండి. మన దేశంలో అమ్మే ఐఫోన్. పిన్ను గుచ్చి ట్రే లాగుతున్నాను. ఒక్క నానో సిమ్‌కే చోటుంది. తిప్పి చూపిస్తాను... వెనక కూడా ఏమీ లేదు. రెండో నంబరు కావాలంటే ఈ-సిమ్‌గా, అంటే ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్‌గా మార్చుకోవాల్సిందే. ఐఫోన్ ఎయిర్ అనే మోడల్‌కైతే అసలు ట్రేయే లేదు, రెండూ ఈ-సిమ్‌లే.

ఈ-సిమ్ అంటే భయపడక్కర్లేదు. ఎయిర్‌టెల్ వాళ్ళయితే 'ఈ-సిమ్' అని ఇంగ్లీషులో కొట్టి, పక్కన మీ మెయిల్ ఐడీ పెట్టి 121కి మెసేజ్ పంపిస్తే పని మొదలవుతుంది. చిక్కు ఆ తర్వాతే. సిమ్ మార్చిన ప్రతిసారీ, మోసాలు జరక్కుండా, 24 గంటలపాటు ఆ నంబరుకి ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. అంటే ఆ రోజంతా బ్యాంకు ఓటీపీ రాదు. బీఎస్ఎన్ఎల్ వాడేవాళ్ళకి నా సలహా: ఆ సిమ్‌ని ట్రేలోనే ఉంచండి, రెండోదాన్ని ఈ-సిమ్ చేయించండి. 2025 సెప్టెంబరు 27న ప్రధాని బీఎస్ఎన్ఎల్ 4జీని మన ఒడిశాలోని ఝార్సుగుడ నుంచే ప్రారంభించారు కాబట్టి, కొండల వైపు తిరిగేవాళ్ళు ఆ నంబరుని ఇప్పుడే వదులుకోవద్దు.

ఇక యూపీఐ. ఫోన్‌పే, గూగుల్‌పే ఐఫోన్‌లో కూడా పనిచేస్తాయి, ఆ విషయంలో టెన్షన్ వద్దు. కానీ కొత్త ఫోన్‌లో మళ్ళీ రిజిస్టర్ అవ్వాలి. బ్యాంకుకి ఇచ్చిన నంబరు తాలూకు సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండి, దాని నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్ళాలి. ఆండ్రాయిడ్‌లో యాప్ తనే పంపేసుకుంటుంది. ఐఫోన్‌లో యాప్‌కి ఆ హక్కు లేదు. మెసేజ్ రాసిపెట్టి చూపిస్తుంది, సెండ్ మీరే నొక్కాలి. రిజిస్టర్ అయ్యాక కూడా కొత్త ఫోన్ కాబట్టి చాలా బ్యాంకుల్లో 5,000 రూపాయల పరిమితి ఉంటుంది: ఆండ్రాయిడ్‌లో 24 గంటలు, ఐఫోన్‌లో 72 గంటలు. గుణుపురంలో మా బావకి ఎరువుల షాపు ఉంది. రోజూ లోడుకి డబ్బు కట్టే మనిషి. మూడు రోజులు ఐదువేలతో ఆగమంటే ఆయన ఆగుతాడా? "నువ్వే ఉంచుకోరా నీ ఐఫోను" అన్నాడు. అందుకని ఈ ఈ-సిమ్ పని, యూపీఐ పని రెండూ చైత్రంలో మన రాయగడ మజ్జిగౌరమ్మ జాతర ముందురోజో, ఇంట్లో పెళ్ళి ఉన్న వారమో పెట్టుకోకండి. ప్రీపెయిడ్ వాళ్ళకి ఇంకో చిన్న మాట. ఆపిల్ వాళ్ళ మెసేజ్, వీడియో కాల్ సౌకర్యాలైన ఐమెసేజ్, ఫేస్‌టైమ్ ఆన్ అవ్వడానికి ఫోన్ బ్రిటన్ నంబరుకి ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. ప్యాక్ ఉన్నా మెయిన్ బ్యాలెన్స్ సున్నా అయితే అది పోదు. ఓ పది రూపాయలు వేసి ఉంచండి.

వాట్సాప్ గురించి భయం ఎక్కువ, నిజానికి అది తేలికే. 2022 నుంచి ఆండ్రాయిడ్ చాట్‌లు ఐఫోన్‌లోకి వస్తున్నాయి. గూగుల్ డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్ ఐఫోన్‌లో తెరుచుకోదు, అది గుర్తుంచుకోండి. ఆపిల్ వాళ్ళ 'మూవ్ టు ఐఓఎస్' (ఐఓఎస్ అంటే ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) యాప్‌ని పాత ఫోన్‌లో వేసుకోవాలి. కొత్త ఫోన్ తొలిసారి ఆన్ చేసినప్పుడు అది ఒక కోడ్ చూపిస్తుంది, దాన్ని పాత ఫోన్‌లో కొట్టాలి, వచ్చిన జాబితాలో వాట్సాప్‌కి టిక్కు పెట్టాలి. రెండు ఫోన్లూ ఛార్జింగ్‌లో ఉండాలి, నంబరు అదే ఉండాలి. షాపులో సరదాగా సెటప్ మొత్తం పూర్తిచేసి ఇంటికి తెచ్చుకున్నారా, మళ్ళీ రీసెట్ కొట్టి మొదలుపెట్టాల్సిందే. చాట్‌లు వస్తాయి, ఫోటోలు వస్తాయి, కాల్ హిస్టరీ మాత్రం రాదు.

మనకి టైపింగ్ కూడా రెండు భాషల్లో కావాలి కదా. ఇంటి గ్రూపులో తెలుగు, ఆఫీసు గ్రూపులో ఒడియా. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే మన అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడిపోయేవి, గుర్తుందా? అదే నెలలో 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. లక్ష రూపాయల ఫోన్ ఒక్క ఒత్తుకి పడిపోయిందని అప్పట్లో మనవాళ్ళు తెగ నవ్వుకున్నారు. 2019లో ఐఓఎస్ 13తో 22 భారతీయ భాషల కీబోర్డులూ పూర్తయ్యాయి. 2024లో ఐఓఎస్ 18తో తెలుగు, ఒడియా సహా 11 భాషలకి అక్షరమాల వరుసలో ఉండే లేఅవుట్ ఇచ్చారు. పని జరుగుతుంది. కానీ గూగుల్ వాళ్ళ కీబోర్డు జీబోర్డ్‌లో ఏళ్ళ తరబడి అలవాటైన వేళ్ళకి వారం పది రోజులు చిరాకు తప్పదు. మా అమ్మలాగ మైకు నొక్కి తెలుగులో మాట్లాడి మెసేజ్ పెట్టేవాళ్ళయితే ఆండ్రాయిడ్‌లోనే ఉండనివ్వండి, వాళ్ళని కదపొద్దు.

రిపేరు దగ్గర నేను కాస్త కఠినంగానే చెప్తాను. కంపెనీ సర్వీసు కావాలంటే విశాఖో భువనేశ్వరో రైలెక్కాలి. ఇక్కడి షాపులో కుర్రాళ్ళు డిస్‌ప్లే మార్చగలరు, చేతివాటం బాగానే ఉంటుంది. కానీ వేసింది కంపెనీది కాకపోతే సెట్టింగ్స్‌లో 'అన్‌నోన్ పార్ట్' అని చూపిస్తుంది. రేపు అమ్మబోతే రేటు పడిపోతుంది. ఫోన్ తరచూ కింద పడేసే చేతులైతే ఆలోచించుకోండి.

మరి ఎవరు మారొచ్చు? ఒకే నంబరు ఉన్నవాళ్ళు, ఫోన్ కొంటే ఐదారేళ్ళు కదపనివాళ్ళు హాయిగా మారండి. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్ఎస్‌కి 2024లో కూడా కొత్త ఐఓఎస్ ఇచ్చారు. అయితే అప్‌డేట్ల కోసమే అయితే మారక్కర్లేదు, ఆండ్రాయిడ్‌లోనూ గెలాక్సీ ఎస్24, పిక్సెల్ 8 నుంచి ఏడేళ్ళు ఇస్తామని శాంసంగ్, గూగుల్ వాళ్ళూ మాట ఇచ్చారు. ఐఫోన్ 17 ధర 82,900 రూపాయలతో మొదలైంది. అప్పు చేసి, ఈఎంఐ పెట్టి, పైగా రెండో సిమ్ కోసం పాత ఫోన్ కూడా జేబులో మోసేటట్టయితే ఈ మార్పు మీకు వద్దు.

కొనాలనే నిశ్చయించుకుంటే ఎక్స్ఛేంజ్ దగ్గర జాగ్రత్త. ఆన్‌లైన్‌లో పెడితే డెలివరీ అబ్బాయి గుమ్మం దగ్గరే పాత ఫోన్ పట్టుకెళ్ళిపోతాడు. అప్పటికి కొత్త ఫోన్ డబ్బా కూడా విప్పి ఉండరు. రెండు ఫోన్లూ పక్కపక్కన లేకపోతే చాట్‌లు రావు. ఎక్స్ఛేంజ్ రేటు కాస్త తగ్గినా పర్వాలేదు, పాతది మీ దగ్గరే పెట్టుకోండి. వాట్సాప్ వచ్చి, రెండు బ్యాంకుల యూపీఐ నుంచీ ఒక్కో రూపాయి వెళ్ళిందని చూసుకున్నాక తీరిగ్గా అమ్ముకోవచ్చు.