రాజా ఇంట్లో ఉండిపోయాడు, చుక్కి వెళ్లింది

అందరికీ నమస్కారం. ఆదివారం నిద్ర మానుకుని వచ్చిన మీకూ, ఈ మైకును అనుమానంగా చూస్తున్న మీ కుక్కలకూ.

మా ఇంట్లో రెండు కుక్కలు. రాజా లాబ్రడార్. చుక్కి వానాకాలంలో మా మెట్ల కింద చేరిన ఊరకుక్క. రాజాకు కూర్చోవడం, ఆగడం, పిలిస్తే రావడం అన్నీ వచ్చు. అందుకే వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ల దగ్గర కాసేపు తోడుగా గడిపే థెరపీ కుక్కగా తీసుకెళ్లాల్సింది వాడినేనని నాకు నేనే తీర్మానించేశాను. మొదటి రోజు అరగంట సేపు ఎవరు నిమిరినా కదలకుండా కూర్చున్నాడు. "ఎంత బుద్ధిమంతుడో" అన్నారందరూ. నేను పొంగిపోయాను.

ఇంటికొచ్చి ఫోనులో తీసిన వీడియో చూశాక తెలిసింది. ఏమీ తినకపోయినా మాటిమాటికీ మూతి నాక్కుంటున్నాడు. నిద్ర రాకపోయినా ఆవలిస్తున్నాడు. తల పక్కకు తిప్పుకుని, కంటి తెల్లభాగం కనిపించేలా ఓరగా చూస్తున్నాడు. తోక కడుపు కిందికి పోయింది. నేను చూసింది ప్రశాంతత కాదు, బిగుసుకుపోవడం. వాడు అరగంట పాటు "వద్దు, వద్దు" అంటూనే ఉన్నాడు. వినాల్సిన మనిషి మెప్పుకోలు వింటూ కూర్చుంది.

అంధులకు దారి చూపే కుక్కతో థెరపీ కుక్కను కలిపేయకండి. దారి చూపే కుక్క ఒక్క మనిషి కోసం పనిచేస్తుంది, దాని చదువే వేరు. థెరపీ కుక్క మన ఇంటి కుక్కే. ముక్కూ మొహం తెలియని వాళ్ల మధ్య హాయిగా ఉండటమే దాని పని. ఆ హాయి ఆజ్ఞతో రాదు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, న్యూగినీలో అమెరికా సైనికులకు ఓ యార్క్‌షైర్ టెరియర్ దొరికింది. పట్టుమని 2 కిలోలు కూడా లేదు. పేరు స్మోకీ. దాన్ని పెంచుకున్న బిల్ విన్ జ్వరంతో ఆసుపత్రిలో పడితే, చూడటానికి వచ్చిన స్నేహితులు దాన్నీ వెంట తెచ్చారు. నర్సులు దాన్ని గాయపడిన సైనికుల మంచాల దగ్గరికీ తీసుకెళ్లడం మొదలుపెట్టారు. న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల మనస్తత్వవేత్త విషయమూ అంతే. ఎవరితోనూ కలవని ఓ పిల్లవాణ్ణి చెప్పిన వేళకంటే ముందే తీసుకొచ్చారు. గదిలో ఉన్న జింగిల్స్ అనే కుక్క నేరుగా ఆ పిల్లవాడి దగ్గరికి వెళ్లింది. దాని గురించి ఆయన 1962లో వ్యాసం రాశారు. ఈ రెండూ ఎవరూ ముందుగా అనుకుని చేసినవి కావు. జింగిల్స్ అయితే తనంతట తనే వెళ్లింది.

కాబట్టి ముందు మీ కుక్కను అడగండి. ఎలా అంటారా? కొత్త మనిషిని మెడ కింద నిమరమనండి. మూడు లెక్కపెట్టి చెయ్యి తీసేయమనండి. కుక్క ముట్టెతో ఆ చెయ్యి మళ్లీ లాక్కుంటే సరేనన్నట్టు. ఒళ్లు దులుపుకుని పక్కకు జరిగితే వద్దన్నట్టు. రాజా ప్రతిసారీ జరిగాడు. చుక్కి మాత్రం పాలు పోసే అబ్బాయి చెయ్యి కూడా వదల్లేదు.

ఆ తర్వాతే సాధన. పక్కింటివారి చక్రాల కుర్చీ అరువు తెచ్చి వారం రోజులు హాల్లో ఊరికే ఉంచాను. చుక్కి దాన్ని వాసన చూసి, దాని నీడలో పడుకోవడం మొదలుపెట్టాక అంగుళం అంగుళం కదిపాను. కదిలిన ప్రతిసారీ ఉడికించిన కోడి ముక్క. చేతికర్ర కింద పడటం, గట్టిగా దగ్గడం కూడా ఇలాగే అలవాటు చేశాను. స్టీలు పళ్లెం చప్పుడుకే చాలా రోజులు పట్టింది. మొదట వంటింట్లో, తలుపు వేసి, బట్ట మీద పడేశాను. తర్వాత తలుపు తీసి. ఆ తర్వాత నేల మీద. భోజనాల గదిలో పళ్లెం పడని రోజు ఉండదు కదా!

అన్నిటికన్నా ముఖ్యమైన మాట "వదిలెయ్". పెద్దవాళ్ల గదుల్లో మంచాల కింద మాత్రలు దొర్లుతుంటాయి. మనం నొప్పికి వేసుకునే ఐబుప్రొఫెన్ కుక్కకు విషం. ఇంట్లో వేరుశనగ గింజలు దొర్లించి, వదిలేసినప్పుడల్లా చేతిలోంచి అంతకన్నా మంచిది పెట్టండి. వదిలేస్తే లాభమని దానికి తెలియాలి.

అమెరికాలో థెరపీ కుక్కలను నమోదు చేసే పెట్ పార్ట్‌నర్స్ అనే సంస్థ ఏడాది నిండని కుక్కను తీసుకోదు. పచ్చిమాంసం తినే కుక్కనూ రానివ్వదు. రోజుకు 2 గంటలకు మించి పనిచేయించదు. మన దగ్గర ఏ కాగితం అడిగినా అడగకపోయినా రేబిస్ టీకా, ఎలుకల మూత్రం వల్ల సోకే లెప్టోస్పైరోసిస్ జబ్బుకు టీకా, నులిపురుగుల మందు తప్పనిసరి. ఒంటి మీద ఒక్క గోమారు కూడా ఉండకూడదు. గోళ్లు కత్తిరించి ఊరుకోకండి, ఆకురాయితో నునుపు చేయండి. ఎనభై ఏళ్ల చర్మం ఉల్లిపొర లాంటిది, చిన్న గీరకే రక్తం వస్తుంది.

ఇంకో సంగతి. కుక్క గదిలోకి వస్తే మైలపడిందనుకునే పెద్దవాళ్లున్నారు, చిన్నప్పుడు కరిపించుకున్నవాళ్లున్నారు. గుమ్మం దగ్గరే ఆగి "రావచ్చా అండీ?" అని అడగండి. వద్దంటే నవ్వుతూ వెళ్లిపోండి, నచ్చజెప్పకండి. మీ కుక్క ఎంత మంచిదో నిరూపించడానికి కాదు కదా మనం వెళ్లింది.

పోయిన నెల ఒక మామ్మగారు మంచం మీద నుంచి చెయ్యి కిందికి జార్చి చుక్కి చెవి పట్టుకున్నారు. చెయ్యి వణుకుతోంది, చెవి కొంచెం లాగినట్టే అయింది. చుక్కి గడ్డం మంచం పట్టె మీద ఆనించి కళ్లు మూసుకుంది. అలా ఇరవై నిమిషాలు గడిచాయి. తర్వాత ఒక ఆవలింత. కాసేపటికి ఇంకొకటి. నేను లేచాను. "ఇంకో అయిదు నిమిషాలు ఉండనివ్వమ్మా" అన్నారు మామ్మగారు. "దీనికి నిద్రవేళయింది మామ్మగారూ, గురువారం వస్తాం" అన్నాను. చుక్కి అప్పటికే గుమ్మం దగ్గర ఉంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఆ వెనక వరుసలో నల్లకుక్క అప్పుడే మూడుసార్లు ఆవలించింది, ముందు దాన్ని కాస్త బయట తిప్పి తీసుకురండి.