ఇంగ్లండ్ నుంచి పాతకాలం కుట్టు పేపర్ కటింగ్‌లు: అన్నీ బాగున్నాయి, హ్యాండ్ పీసు ఏదండీ?

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ముందే చెప్పేస్తున్నా, ఈ పార్సిల్ నాకు ఫ్రీగా వచ్చింది. చెన్నైలో పాత కుట్టు సామాను అమ్మే ఇన్‌స్టాగ్రామ్ పేజీ నడిపే ఒకావిడ పంపారు. ఇందులో పేపర్ కటింగ్‌లు, అంటే బట్ట మీద పరిచి కత్తిరించుకునే కాగితపు నమూనాలు, దారం రీళ్ళు, గుండీలు ఉన్నాయి. డబ్బులేమీ తీసుకోలేదు కాబట్టి మొహమాటం కూడా లేదు. ధర, పూర్తి లిస్టు వాళ్ళ పేజీలో ఉన్నాయి, ఇక్కడ మళ్ళీ చదవను.

ఇవన్నీ ఇంగ్లండ్‌లో చారిటీ షాపుల్లో ఏరి తెచ్చినవి. అక్కడ జనం వాడని సామాను ఆ షాపులకు ఊరికే ఇచ్చేస్తారు, అమ్మగా వచ్చిన డబ్బు సేవా పనులకు పోతుంది. ఆక్స్‌ఫామ్ అనే సేవా సంస్థ వాళ్ళ షాపులు 1940ల చివరి నుంచీ ఉన్నాయి. ఇంట్లో పెద్దావిడ పోతే ఆమె కుట్టు సామానంతా అక్కడికి చేరుతుంది. మన తిరుపతిలో అయితే పాతపేపర్లవాడి తక్కెట్లోకి పోతుంది.

ఇదిగో, ఈ కవరు చూడండి. బటరిక్. 1863లో అమెరికాలో ఎబెనీజర్ బటరిక్ అనే టైలర్ సైజుల వారీగా పేపర్ కటింగ్‌లు అమ్మడం మొదలుపెట్టాడు, ఆ కంపెనీదే. ఉండండి, లైటుకు పెడతా. కనిపిస్తోందా? గీత లేదు, అక్షరం లేదు, అన్నీ చిల్లులే! అప్పట్లో ప్రింటు వేయకుండా ఇలా చిల్లులు కొట్టి అమ్మేవారు. డాట్ (ఒంటికి అమరడానికి కుట్టే మడత) ఎక్కడ పడాలి, మడత ఎక్కడ, నిలువు పోగు ఎటు... అన్నీ చిల్లులే చెబుతాయి. నగరి పవర్‌లూమ్ కాటన్ ముక్క మీద పరిచి, చిల్లుల్లోంచి చాక్‌పొడి అద్దాను. కాగితం ఎత్తితే బట్ట మీద చుక్కల ముగ్గు! సాయంత్రమంతా దీనితోనే గడిచిపోయింది, నా టైలరింగ్ షాపులో రెండు జాకెట్లు అలాగే ఉండిపోయాయి. ఇంకోటి, ఇక్కడ నడుము దగ్గర చూడండి, ఎవరో పెన్సిల్‌తో అరంగుళం పెంచుకున్నారు. కుట్టడం తెలిసిన చెయ్యి అండి అది.

మా షాపుకొచ్చే పెద్దావిడ చూసి, 'ఆది జాకెట్టు ఇస్తే ఇట్టే కత్తిరిస్తావే, ఇదేందిమ్మా ఈ కాగితాల గోల?' అంది. జాకెట్టుకైతే ఆమె మాటే రైటు. కానీ ఈ కాలరు గుండ్రం, ఈ చంక రౌండ్ వంపు ఆది జాకెట్టులో దొరకవు కదా. ఆ మధ్య మనం రివ్యూ చేసిన రెడీమేడ్ బ్లౌజు కటింగ్ సెట్ గుర్తుందా? 32 ఛాతీకీ 40 ఛాతీకీ ఒకటే చంక పెట్టాడు మహానుభావుడు! దానిముందు ఇది బంగారం.

సైజు నంబరు మాత్రం నమ్మకండి. 1960ల మొదట్లో అమెరికా కటింగ్‌లలో 14 అంటే ఛాతీ 34 ఇంచులే. తర్వాత నంబర్లు మార్చారు, అదే 14కి 36 అయింది. కవరు మీద ఇంచులు చూడండి, చాలు. కుట్టు మార్జిన్ సాధారణంగా ఇంచులో ఎనిమిదింట ఐదు వంతులు. మనం జాకెట్టు పక్కల్లో వదిలినట్టు రేపు లావైతే విప్పుకోవడానికి ఏమీ మిగలదు. పక్కల్లో మీరే కలుపుకోవాలి.

ఇప్పుడు నా కోపం. ఇంకో కవరులో ముందు భాగం ఉంది, వెనక ఉంది, కాలరుంది, హ్యాండ్ (చెయ్యి పీసు) లేదు! బొమ్మలో ఆ బుట్ట చేతులు చూసే కదా ఎవరైనా కొనేది? పీసులు లెక్కపెట్టకుండా పేజీలో 'పూర్తి సెట్' అని ఎలా రాస్తారండి? కవరు వెనకే ప్రతి పీసు బొమ్మ, నంబరు ఉంటాయి, పది నిమిషాల పని. మెసేజ్ పెడితే 'వింటేజ్ కదా మేడం' అన్నారు. వింటేజ్ అయితే చేతులు ఉండవా?

దారం రీళ్ళు చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి, చెక్క రీళ్ళు. లాగితే మాత్రం పుటుక్కున తెగుతున్నాయి. మిషనుకు ఎక్కించకండి, అలంకారానికే. గుండీలు మాత్రం అసలైన ముత్యపు చిప్పవి. చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతాయి, ప్లాస్టిక్ అలా తగలదు. గాంధీ రోడ్డు ఫ్యాన్సీ షాపుల్లో నాకు ఇలాంటివి ఎప్పుడూ దొరకలేదు.

కొనొచ్చా? ఆ చిల్లుల కటింగ్ ఒక్కదాని కోసం నేనైతే సొంత డబ్బు పెట్టి కొంటా. సెట్టు మొత్తం మాత్రం, పీసులన్నీ పరిచి ఫొటో పంపితేనే డబ్బు కట్టండి. ఒరిజినల్ మీద కత్తెర పెట్టకండి, పల్చటి కాగితం, ట్రేస్ చేసుకోండి. నేను ట్రేస్ చేసిన కాలరు ఎవరికైనా కావాలంటే మీ ఛాతీ, మెడ కొలతలు కామెంట్‌లో పెట్టండి. హ్యాండ్ అడగొద్దు, నా దగ్గరా లేదు.