పిల్లల తెలుగును చూసి నవ్వకండి
(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా చెన్నైలో చేసిన ప్రసంగం)

సభలోని పెద్దలకు, వెనక వరసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

గిడుగు రామమూర్తి గారి జయంతి నాడు మద్రాసు తెలుగు వైభవం తలుచుకోవడం మనకు ఆనవాయితీ. వావిళ్లవారి పుస్తకాలు, 1914లో బొంబాయి నుంచి ఇక్కడికి తరలివచ్చిన ఆంధ్రపత్రిక, 1947లో మొదలైన చందమామ, మైలాపూరులో 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న కన్నుమూసిన పొట్టి శ్రీరాములు గారు. గర్వపడాల్సిందే. కానీ పెరంబూరులోనో వ్యాసర్పాడిలోనో పెరిగే పదేళ్ల పిల్లకు ఈ గర్వం ఎలా అందుతుంది? నా బాధంతా ఆ పిల్ల గురించే.

ఈమధ్య ఒక పెళ్లిలో చూశాను. గుంటూరు నుంచి వచ్చిన చుట్టాల దగ్గరికి ఒక పాప పరుగున వెళ్లి, "బాగుండారా పెద్దమ్మా? ఎప్పుడొచ్చినారు?" అంది. "ఇదేం తెలుగే!" అని అందరూ పకపకా నవ్వారు. ఆ తర్వాత భోజనాల దగ్గర వాళ్లేం అడిగినా ఆ పాప ఇంగ్లీషులోనే జవాబిచ్చింది.

ఆ పాప మాటలో తప్పేముందండీ? చిత్తూరు జిల్లాకు వెళ్లండి, ఊరంతా అలాగే పలకరిస్తుంది. జనం నోట్లో ఉన్న భాషకు పుస్తకాల్లో చోటు కావాలని గిడుగు వారు ఏళ్ల తరబడి పోరాడారు. సవర గిరిజనుల పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకున్నారు. అలాంటి మనిషి పేరున సభ పెట్టుకుని, మన పిల్లల నోరు మనమే నొక్కేస్తున్నాం. నాకిది చాలా పెద్ద అన్యాయంగా కనిపిస్తుంది.

2011 జనాభా లెక్కల్లో తమిళనాట తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 42 లక్షల పైచిలుకు. వీళ్లలో ఎంతోమందికి మాట ఉంది, అక్షరం లేదు. 2006 చట్టంతో బడిలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరైంది. తమిళం మన పిల్లలు చక్కగా నేర్చుకోవాలి, ఇది వాళ్ల ఊరు. అయితే చాలామంది పిల్లలకు తెలుగు అక్షరాలు ఇక ఇంట్లోనే నేర్పాలి. మనవరాలు అమ్మమ్మకు వాట్సాప్‌లో తెలుగు మాటల్ని తమిళ లిపిలో రాసి పంపుతుంది. ఆ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. గాలి అని రాసిందో, కాలి అని రాసిందో అమ్మమ్మే ఊహించుకోవాలి. అయినా ఆ పిల్ల రాస్తోంది చూడండి, అదీ నా ఆశ.

అందుకే మన సంఘం తరఫున వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు ఈ హాల్లోనే అక్షరాల తరగతి మొదలుపెడుతున్నాం. రుసుము లేదు, పలకలు మేమే ఇస్తాం. మొదటి పాఠం పాఠ్యపుస్తకంలోంచి కాదు. ప్రతి పిల్లా తన అవ్వ చెప్పిన ఒక కబురు వినొచ్చి, ఆమె అన్నది అన్నట్టే తెలుగులో రాస్తుంది. "ఉండాది" అంటే "ఉండాది" అనే. పెద్దలు దిద్దకూడదు. పేర్లు ఇవ్వాలనుకున్నవాళ్లు గుమ్మం దగ్గరి బల్ల వద్దకు రండి.