కొత్తవారి ధైర్యం: కరాటే శిక్షణలో దాని స్థానం

సభకు నమస్కారం. ఈ వేసవి శిబిరంలో కొత్తగా చేరిన విద్యార్థులకు, వారిని తీసుకువచ్చిన తల్లిదండ్రులకు స్వాగతం.

చేర్పించడానికి వచ్చినవారిలో చాలామంది "మావాడికి బెరుకెక్కువ మాస్టారూ, కాస్త ధైర్యం వచ్చేలా చూడండి" అంటారు. భుజం తట్టి భయపడవద్దన్నంత మాత్రాన ఆ ధైర్యం రాదు. తొందరపడి ఫైట్‌కు దింపితే ఉన్నది కూడా పోతుంది. పాఠాలను ఏ వరుసలో, ఎంత మోతాదులో నేర్పుతున్నామన్న దాని మీదే అది ఆధారపడి ఉంటుందని నా నమ్మకం.

జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలో ఒకప్పుడు గురువులు కొద్దిమంది శిష్యులకు మాత్రమే, అదీ చాటుగా, నేర్పిన ఈ విద్యను 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఇతోసు అంకో అనే గురువు బడిపిల్లల ముందుకు తెచ్చినప్పుడు, పెద్దల కటాలను (ఒంటరిగా, వరుసక్రమంలో చేసే కదలికల కూర్పులను) ఉన్నవి ఉన్నట్టుగా వారి నెత్తిన పెట్టకుండా, పినాన్ పేరుతో ఐదు చిన్న కటాలను కూర్చారు. మన కరాటే శైలి షోటోకాన్‌లో మనం నేర్చుకునే హెయాన్ కటాలు అవే. ఆయన శిష్యుడు, చిన్ననాట బలహీనంగా ఉండిన ఫునాకోషి గిచిన్, 1922లో టోక్యో చేరి, 1924లో జూడో నుంచి తీసుకున్న డాన్ (బ్లాక్ బెల్టు స్థాయిల) పద్ధతిలో తొలి బ్లాక్ బెల్టులు ఇచ్చారు. గ్రేడింగ్ (బెల్టు పరీక్ష) ఎప్పుడని మొదటి వారమే అడిగేవారికి, బెల్టు కంటే కరాటే చాలా పాతదని గుర్తుచేస్తుంటాను.

ఇక జతగా చేసే తొలి సాధన గోహోన్ కుమితే, అంటే ఐదడుగుల పోరు. దాడి చేసేవారు ముందుగా "జోదాన్" (పైభాగం, అంటే ముఖం) అని బిగ్గరగా చెప్పి, అడుగుకొకటి చొప్పున ముఖం మీదికి ఐదు పంచ్‌లు వేస్తారు. ఎదుటివారు ఐదడుగులు వెనక్కి వేస్తూ ఆగే ఉకేతో (ముంజేతిని పైకెత్తి వేసే బ్లాక్‌తో) అడ్డుకుని, చివర గ్యాకు జుకితో (ముందున్న కాలికి ఎదుటి వైపు చేతి పంచ్‌తో), కియాయ్‌తో (బిగ్గర కేకతో) బదులిస్తారు. దెబ్బ ఎక్కడికి వస్తుందో, ఎన్నిసార్లు వస్తుందో అంతా ముందే తెలుసు. అయినా మొదటి పంచ్‌కే కళ్లు మూతపడతాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి, మూడో అడుగుకల్లా కాళ్లు తడబడతాయి. దీన్ని పిరికితనం అనకూడదు. ముఖం మీదికి ఏదైనా వస్తే కన్ను మూసుకోవడం శరీర ధర్మం. వచ్చే పంచ్‌ను కళ్లు తెరిచే చూసి, అది తన ముంజేతికి తగిలి పైకి తొలగిపోవడం గమనించిన విద్యార్థి మరుసటి పంచ్‌కు నడుము వంచకుండా నిలబడతాడు. ఆ తరువాతే సాన్‌బోన్ (మూడడుగులది), ఇప్పోన్ (ఒక్క అడుగుది), జియూ ఇప్పోన్ (స్వేచ్ఛగా కదులుతూ ఒక్క దాడితో చేసేది) వస్తాయి. ముందు అడుగుల లెక్క తగ్గుతుంది, తరువాత దాడి జరిగే క్షణం తెలియకుండా పోతుంది, ఫ్రీ ఫైట్‌లో ఎక్కడికి వస్తుందో కూడా ఎవరూ చెప్పరు.

ఇందులో ఎదుటి జోడీ బాధ్యత చాలా పెద్దది. జాలిపడి పంచ్‌ను పక్కకు వేస్తే, కొత్తవారు గాలిని అడ్డుకోవడం నేర్చుకుని, తమ బ్లాక్ పనిచేస్తోందని పొరబడతారు. వేగం చూపించి బెదరగొడితే మరుసటి రోజు క్లాసుకే రారు. పంచ్ నేరుగా గడ్డం వైపే రావాలి, కానీ ఎదుటివారు అందుకోగలిగిన వేగంతో రావాలి. అందుకే మొదటి నెల మేము ఇద్దరు వైట్ బెల్టులను జతచేయకుండా, వేగాన్ని అదుపు చేయగల సీనియర్‌ను ఎదురుగా నిలబెడతాం. నలభై దాటి చేరినవారు కుర్రాళ్ల ముందు మొహమాటపడి, అందని వేగానికి కూడా తలూపుతుంటారు. "కాస్త మెల్లగా వేయండి" అని అడిగే హక్కు మా క్లాసులో ప్రతి ఒక్కరికీ ఉంది.