కోడింగ్ కన్నా ముందు చింతగింజలు

[దృశ్యం: వామనగుంటల పీట. గింజలు గుంటల్లో పడుతున్న చప్పుడు.]

ఐదేళ్లు నిండేలోగా కోడింగ్ తరగతిలో చేర్చకపోతే మీ పిల్లలు వెనకబడిపోతారట! ఫోను తెరిస్తే చాలు, ఇవే ప్రకటనలు. కంగారు పడకండి. 2020 జాతీయ విద్యా విధానమే కోడింగును ఆరో తరగతి నుంచి పరిచయం చేయమంది. ఈలోగా అటక మీది ఆ వామనగుంటల పీట దింపండి.

[దృశ్యం: పైనుంచి పీట మొత్తం కనిపించాలి.]

రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు. గుంటకు ఐదేసి గింజలు. కొన్ని ఇళ్లలో లెక్క వేరు. మీ అమ్మమ్మ ఎలా ఆడితే అలాగే ఆడండి. మీ వైపున్న ఒక గుంటలోని గింజలన్నీ తీసి, పక్క గుంట నుంచి ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. చేయి ఖాళీ అయ్యాక, తర్వాతి గుంటలో గింజలుంటే అవి తీసుకుని మళ్లీ మొదలు. అది ఖాళీగా ఉంటే, దాని అవతలి గుంటలోవన్నీ మీవే. ఇక వంతు ఎదుటివారిది.

‘ఖాళీ అయ్యేవరకు వెయ్యి, ఉంటే తీసుకో, లేకపోతే గెలుచుకో.’ ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం లూపు, ‘ఉంటే ఇలా, లేకపోతే అలా’ అనుకోవడం కండిషను. ప్రోగ్రాములు రాసేవాళ్లు అనేవి ఇవే.

[దృశ్యం: పాప చేయి, దగ్గరగా.]

అసలు సంగతి ఇక్కడుంది. మొదటిరోజు పాప ఏ గుంట నిండుగా ఉంటే దాని మీదికే చేయి చాచింది. నాలుగైదు రోజులకు ఆ చేయి గాలిలోనే ఆగింది. పెదవులు కదులుతున్నాయి: ఒకటి, రెండు, మూడు... మూడు గింజలు వేశాక నాలుగో గుంట ఖాళీ, ఐదోది నిండుగా ఉంది. అంతే, పెద్ద గుంటను వదిలేసి ఈ మూడు గింజల గుంటనే ఎంచుకుంది!

ఆశను ఆపుకోవడం, లెక్కను మనసులో నిలుపుకోవడం, ఎత్తు పారకపోతే దారి మార్చడం: మనస్తత్వవేత్తలు వీటిని ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్స్ అంటారు. రేపు ఏ యంత్రంతో పనిచేయాల్సి వచ్చినా ఇవి కావాలి.

[దృశ్యం: పక్కన కూర్చున్న నాన్న, నోటి మీద వేలు.]

పెద్దవాళ్లకే ఇది కష్టమైన ఆట. ‘అది కాదమ్మా, ఇది తియ్యి’ అన్నారో, ఆలోచన మీదైపోతుంది. ‘అక్కడినుంచే ఎందుకు తీశావు?’ అని మాత్రం అడగండి. ప్రతిసారీ కావాలని ఓడిపోకండి. పిల్లలు ఇట్టే పసిగడతారు. చంటిపిల్లలుంటే గింజలు వాళ్ల నోటికి అందనివ్వకండి.

ఇదంతా ఫోనులోనే చెబుతున్నారుగా అంటారేమో. నిజమే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఈ వీడియో మీరు చూసి, ఆట వాళ్లతో ఆడండి.

పీట లేదా? సుద్దముక్కతో నేల మీద పద్నాలుగు సున్నాలు చుట్టండి. ఆట అయ్యాక డెబ్బై గింజలూ పిల్లల చేతనే లెక్కపెట్టించి డబ్బాలో పోయించండి. అరవై తొమ్మిదే తేలితే, మంచం కింద చూడండి.