150 రూపాయల మ్యాగ్నెట్ ఫిల్టర్ పీసీలోకి దుమ్ము రాకుండా ఆపుతదా? తాండూరు దుమ్ముతో ఆరు నెలల టెస్ట్

హాయ్ అందరికీ. ముందు ఇది చూడండి, కెమెరా దగ్గరికి తెస్త ఆగండి... ఈ తెల్లగ ఉన్నది నా పీసీ హీట్ సింక్, అంటే ప్రాసెసర్ వేడిని గుంజే రేకుల దిమ్మ, దాని మీద నుంచి గీకిన దుమ్ము. మాది తాండూరు, ఆ పేరు వినంగనే సగం మందికి కథ అర్థమైపోయి ఉంటది. ఎటు చూసినా నాపరాయి పాలిష్ యూనిట్లు, రోడ్డు పక్కన పోసిన స్లర్రీ, అంటే రాతి పొడి బురద, ఆరిపోయి గాలికి లేస్తది, పైనుంచి సిమెంటు లారీలు. ఎండకాలం అయితే పొద్దున తుడిచిన టేబుల్ మీద సాయంత్రం వేలితో పేరు రాసుకోవచ్చు. ఇట్లాంటి ఊర్ల పనిచేస్తే ఇంకెక్కడైనా పనిచేస్తయి అని ఈ 120 ఎంఎం మ్యాగ్నెటిక్ ఫిల్టర్లు నాలుగు తెప్పించిన, ఒక్కోటి 150 పడ్డది, ఆరు నెలలు వాడినంకనే వీడియో చేస్తున్న.

వస్తువు గురించి చెప్పడానికి పెద్దగ ఏం లేదు. నల్లటి సన్న మెష్, చుట్టూ మ్యాగ్నెట్ అంచు, అంతే. కాకపోతే మ్యాగ్నెట్ కదా, ఇనుప రేకుకే పట్టుకుంటది, క్యాబినెట్ ముందు భాగం ప్లాస్టిక్ అయినా గ్లాస్ అయినా అంటుకోదు. నేను ముందు ప్యానెల్ ఊడదీసి దాని వెనక ఉన్న రేకు మీద పెట్టిన. కొనేముందు ఒక ఫ్రిజ్ మ్యాగ్నెట్ తీసుకొని మీ క్యాబినెట్ మీద అక్కడక్కడ పెట్టి చూస్కోండి.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి నెల అయినంక ఓపెన్ చేస్తే లోపల దుమ్ము ఎట్లున్నదో అట్లనే ఉంది! ఒక స్టార్ ఇచ్చి రివ్యూ రాద్దామని కూడా కూసున్న. తర్వాత ఎందుకో డౌట్ వచ్చి ఒక అగర్బత్తి ముట్టించి, పీసీ నడుస్తుంటే వెనక వైపు కార్డులు పెట్టే స్లాట్ల దగ్గర పట్టుకున్న, ఇదిగో క్లిప్ చూడండి, పొగ మొత్తం లోపలికి పీల్చుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డు మార్చినప్పుడు పాత స్లాట్ కవర్ ఎక్కడో పడేసిన, ఆ సందులో నుంచి అయితే పొగ గీత గీసినట్టు పోతుంది లోపలికి.

ఎందుకంటే నా దాంట్లో ముందు ఒక్క ఫ్యాన్ గాలి లోపలికి తెస్తుంది, పైన రెండు, వెనక ఒకటి, మొత్తం మూడు బయటికి తోస్తున్నయి. మూడు తోసేంత గాలి ఒక్కటి ఎట్ల తెస్తది? తక్కువ పడ్డ గాలి యూఎస్‌బీ సందులు, స్క్రూ బొక్కలు, స్లాట్ల నుంచి వస్తది, అక్కడ ఏ ఫిల్టరూ లేదు, దుమ్ముకు రాజమార్గం. దీన్నే నెగెటివ్ ప్రెషర్ అంటరు. పాపం ఫిల్టర్ తప్పేం లేదు, నేను ముందు తలుపుకు తాళం వేసి దొడ్డి తలుపు బార్లా తెరిచి పెట్టిన.

పైన ఉన్న రెండు ఫ్యాన్లు పీకి ముందుకు పెట్టిన, ఇప్పుడు ముందు మూడు, వెనక ఒకటి. ఫ్యాన్ ఏ వైపు తిప్పి పెట్టాలె అని కామెంట్లల్ల అడుగుతరు కాబట్టి ఇప్పుడే చెప్తున్న, మామూలుగ మోటార్ పట్టుకున్న కాళ్లు, స్టిక్కర్ ఉన్న వైపుకే గాలి పోతది. మూడు ఫిల్టర్లు ముందు, నాలుగోది పైన ఖాళీ అయిన ఒక బొక్క మీద పెట్టిన, రెండో బొక్కకు కిటికీకి కొట్టే దోమల మెష్ ముక్క. ఆ పోయిన స్లాట్ కవర్ కాడ టేప్ వేసిన. మళ్ల అగర్బత్తి పెడితే పొగ బయటికే కొడుతుంది, సందుల దగ్గరికి కూడా పోతలేదు. రెండు నెలల తర్వాత ఓపెన్ చేసిన, అంచుల్లో కొంచెం తెల్లగ ఉంది గానీ హీట్ సింక్ రేకుల మధ్యలో నుంచి అవతలి వైపు కనిపిస్తుంది, అది నాకు చాలు.

టెంపరేచర్ గురించి. నాది రైజెన్ 5 5600 ప్రాసెసర్, దాని లిమిట్ 90 డిగ్రీలు. దుమ్ము పట్టి ఉన్నప్పుడు గేమ్ ఆడితే 85 దాకా పోయేది, ఇప్పుడు 76, 77 దగ్గర ఆగుతుంది. ఫిల్టర్ తీసేస్తే ఇంకో రెండు డిగ్రీలు తగ్గుతది, అంటే మెష్ గాలిని కొంచెం ఆపుతుంది, ఆ మాట దాచను. అందుకే ఫిల్టర్ వెనక పెట్టే ఫ్యాన్‌కు స్టాటిక్ ప్రెషర్, అంటే అడ్డం ఉన్నా గాలిని నెట్టే బలం, ఎక్కువ ఉండాలె, ఆర్కిటిక్ పీ12 లాంటివి ఆ పనికే చేసినవి.

నాలుగో నెల ఒక తప్పు చేసిన. పెళ్లిళ్ల సీజన్ల ఊర్లు తిరిగి ఫిల్టర్ కడగడం మర్చిపోయిన, వచ్చి చూస్తే మెష్ నల్లది కాస్తా బూడిద రంగు దుప్పటి అయింది. ముందు నుంచి గాలి వస్తలేదు, వెనక ఫ్యాన్ మాత్రం తోస్తనే ఉంది, అగర్బత్తి పెడితే పొగ మళ్ల లోపలికే! కడగని ఫిల్టర్ పెట్టుకునుడు కంటే లేకపోవుడు నయం. మా ఊర్ల అయితే పది రోజులకొకసారి నల్లా కింద పట్టి, పూర్తిగా ఆరినంక పెట్టాలె, మీకు నెలకోసారి సరిపోతదేమో.

దీనికి పోటీగ పెట్టినవి రెండు. దోమల మెష్ బొక్కలు పెద్దయి, వెంట్రుకలు, నూలు పోగులు ఆగుతయి గానీ రాతి పొడి దర్జాగా పోతది, పైన బొక్క మీద మూతలాగ అయితే ఓకే. నెట్ చున్నీ గుడ్డ రెండు మడతలు వేసి ముందు కట్టిన, దుమ్ము బాగనే ఆపింది, గాలిని కూడా ఆపేసింది, ఫ్యాన్లు కుయ్యోమని మొత్తుకున్నయి. ఇంకోటి, అగర్బత్తి పొగ, కర్పూరం మసి, దోమల కాయిల్ పొగ, ఇవి జిగటగ ఫ్యాన్ రెక్కలకు పడతయి, ఏ మెష్ కూడా ఆపదు. టెస్టుకు ఒక్క నిమిషం వేరు, దేవుని గూడు పక్కనే పీసీ ఉంటే మాత్రం జరపండి. నేల మీద ఉంటే కూడ ఎత్తు మీద పెట్టండి, చీపురు పట్టినప్పుడల్లా కింద ఉన్న పవర్ సప్లై ఫ్యాన్ మొత్తం గుంజుకుంటది.

లోపల ఇప్పటికే ఉన్న దుమ్ము బ్లోయర్‌తో కొట్టేటోళ్లు ప్లగ్ పీకి, ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకొని కొట్టండి, వదిలేస్తే అడ్డగోలు స్పీడుల తిరిగి బేరింగ్ పోతది.

కొనొచ్చా అంటే, ముందు అగర్బత్తి పెట్టి చూడండి, పొగ లోపలికి పోతే ఫ్యాన్లు సరిచేస్కున్నంకనే ఫిల్టర్ కొనండి, లేకుంటే ఆ 150 దండగ. ఫ్యాన్లు సరిగ్గ ఉంటే నా దిక్కు నుంచి పదికి ఎనిమిది. రెండు మార్కులు ఎందుకు కట్ చేసిన అంటే ఒకదానికి మూలకు మ్యాగ్నెట్ అంచు నాలుగు నెలలకే లేచింది, ఫెవిక్విక్ పెట్టి అతికించిన.

పొగ ఎటు పోయిందో కామెంట్ల పెట్టండి. ఆ చున్నీ మాత్రం మా చెల్లెది, అడగకుండనే కోసిన, ఈ వీడియో ఆమెకు పంపకండి ప్లీజ్.